మాట పిడుగుది, గొంతు టీచర్‌ది

"ముందు మీ చేతులివ్వండి. పనిచేసే చేతులో, కబుర్లు చెప్పే చేతులో చూసుకోవాలి."

షాపులో అడుగు పెడుతూనే ఆ అమ్మాయి అన్న మొదటి మాట ఇది. షీల్డులు చేసే అబ్బాయి చేతిలో అంచులు రుద్దుతున్న ఆకురాయి జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు. పుట్టి ఇరవై ఏడేళ్ళయినా అతని చేతులు ఇంతవరకూ ఎవరూ అడగలేదు మరి. ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకుని, రెండూ కలిపి ముందుకు చాచాడు.

"నాకు కాదండీ," అని నవ్వింది ఆ అమ్మాయి. "ఈమెకి."

అప్పుడు చూశాడు పక్కనున్న రెండో అమ్మాయిని. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. ఆమె వేళ్ళు మొదటి అమ్మాయి వేళ్ళని అంటిపెట్టుకుని చకచకా కదులుతున్నాయి.

"ఈమెకి చూపు లేదు, వినికిడీ లేదు. నేను ఈమె టీచర్‌ని. ఈమె చేత్తో చెప్పింది నేను నోటితో చెబుతాను. మీరు నోటితో అన్నది ఈమె చేతిలో చెబుతాను. 'నేను' అని నా నోట వినబడితే అది ఈమే. గొంతు నాది, మాట ఈమెది. అర్థమైందా?"

బుద్ధిగా తలూపాడు. ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు. టీచర్ మాట్లాడుతున్నంతసేపూ ఆమె కళ్ళే చూస్తున్నాడు మరి. కౌంటర్ దగ్గర కూర్చున్న తల్లి వైపు వంగి, "అమ్మా, ఆ కళ్ళు చూశావా? నా పని అయిపోయింది," అని గొణిగాడు.

టీచర్ వేళ్ళు రెండో అమ్మాయి అరచేతిలో కదిలాయి. ఆ పిల్ల పకపకా నవ్వి ఏదో చెప్పింది. టీచర్ మొహం కందిపోయింది. అయినా గొంతు మారనివ్వలేదు.

"ఎవరి కళ్ళు? నావా, టీచర్‌వా?"

"అయ్యో! అది కూడా చెప్పేశారా?"

"ఈమె ఎదురుగా ఎవరేమన్నా ఈమె చేతికి చేరాల్సిందే. మింగేయడం, పంచదార కలపడం నా ఉద్యోగంలో లేవండీ."

అమ్మ పెన్ను కోసం వెతుకుతున్నట్టు కౌంటర్ కిందికి వంగి, అక్కడే ఉండిపోయి, కడుపారా నవ్వుకుంది.

ఆ పిల్లని బడిలో అందరూ పిడుగు అంటారట. ఎందుకో రెండు నిమిషాల్లో తెలిసింది. పిడుగు అతని అరచేతుల్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రుద్ది చూసి, టీచర్ గొంతుతో తీర్పు చెప్పింది: "గరుగ్గా ఉన్నాయి. నాకు నచ్చాయి. ఇవాళ్టి నుంచి మీ పేరు ఆకురాయి." ఆ పేరు ఎలా పిలవాలో కూడా అప్పుడే ఖాయం చేసింది. అరచేతి అంచు మీద బొటనవేలితో రెండుసార్లు రుద్దితే ఆకురాయి.

'నాకు నచ్చాయి' అన్న మాట మాత్రం అతని చెవిలో టీచర్ గొంతుతోనే ఉండిపోయింది. పాపం, అతని తప్పేముంది?

వచ్చిన పని షీల్డులు. పిడుగు చదివే బడిలో చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలు ఐదుగురు. తమ చదువుకి అండగా నిలిచినవాళ్ళకి సన్మానం చెయ్యాలని ఆ ఐదుగురే తీర్మానించారు. రోజూ బస్సు దిగొచ్చి, మణికట్టు మీద తట్టి, తనెవరో చెప్పి చెయ్యందించే డ్రైవర్. బొమ్మలన్నీ గుడ్డతో కుట్టి, తడిమి చదివే పుస్తకాలు చేసే టైలరమ్మ. రిటైరయ్యాక పాఠాలన్నీ బ్రెయిలీలో కొట్టిపెడుతున్న టైపిస్టు తాతగారు. అరవై ఏళ్ళ వయసులో మనవరాలి కోసం వేళ్ళభాష నేర్చుకున్న పిడుగు వాళ్ళ అమ్మమ్మ.

అబ్బాయి షాపులోకెల్లా ఖరీదైన గాజు షీల్డు తెచ్చి పిడుగు చేతుల్లో పెట్టాడు. లోపల బంగారు అక్షరాలు ధగధగ మెరుస్తున్నాయి. పిడుగు ముందూ వెనకా తడిమింది.

"అద్దం ముక్క బాగుంది. షీల్డేదీ?"

"అదేనండీ! లోపల ప్రింటు చేశాం, పేరు, తేదీ..."

"ఇచ్చేది మేం. ఏం రాసుందో మాకే తెలియని వస్తువు మేమెలా ఇస్తాం?"

పదేళ్ళుగా వేల షీల్డులు చేసినవాడికి ఆ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు. గాజు షీల్డు పక్కన పెట్టేసి, పెన్సిలు తీసుకున్నాడు. "ఎలా కావాలో చెప్పండి. మళ్ళీ మొదలుపెడదాం," అన్నాడు. పిడుగు చేతిలో ఆ మాట చెబుతూ టీచర్ అతని వైపు ఒక క్షణం ఎక్కువ చూసింది. ఆ క్షణం అతనికి వారం రోజులు సరిపోయింది.

వెళ్ళబోయే ముందు పిడుగు టీచర్‌ని మంచినీళ్ళకి పంపించింది. టీచర్ అటు తిరగ్గానే అబ్బాయి చెయ్యి లాక్కుని, అరచేతిలో వేలితో అక్షరాలు రాయడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు, చూపున్న రోజుల్లో నేర్చుకున్న అక్షరాలు. అతనికి చక్కిలిగిలి తప్ప ఇంకేమీ అర్థం కాలేదు. పిడుగు విసుక్కుని మళ్ళీ రాసింది. ఐదోసారికి వెలిగింది: 'టీచర్‌కీ ఒకటి. చెప్పొద్దు.'

కష్టం ఎక్కడొచ్చిందో చూశారా? పిడుగు బయటివాళ్ళతో మాట్లాడేది టీచర్ ద్వారానే. టీచర్‌కి తెలియకుండా టీచర్ షీల్డు గురించి మాట్లాడాలంటే, షీల్డులవాడే అరచేతిలో రాయడం, చదవడం నేర్చుకోవాలి.

నేర్చుకున్నాడు. మూడు వారాల పాటు రోజు విడిచి రోజు మధ్యాహ్నం బడికి వెళ్ళాడు. నమూనాలు చూపించాలనే వంక ఉండనే ఉంది. మొదట రెండు తట్లు తట్టి 'నేనొచ్చాను' అనాలి. తర్వాత ఒక్కో అక్షరం. ఒకసారి 'మీ అమ్మమ్మ' అని రాయబోయి 'మీ బొమ్మ' అని రాశాడు. పిడుగు అతని చెవి పట్టుకుని తిప్పింది.

టీచర్ అక్కడున్నప్పుడు ఆమె నోట వచ్చే మాటలు అతన్ని గాల్లో తేలేలా చేసేవి.

"నిన్న రాలేదేం? ఏమీ తోచలేదు."

ఇంకో రోజు, "నీలం చొక్కా బాగుంది. రోజూ ఇదే వేసుకోవచ్చుగా?"

ఆ చొక్కా అమ్మ ఉతకడానికి అడిగితే ఇవ్వలేదు.

సన్మానానికి ఇంకా రెండు రోజులున్నాయి. బడి నుంచి బయటికొస్తుంటే వాన ఎత్తుకుంది. బడి గేటు పక్కనున్న చిన్న రేకు కింద అతనూ, టీచరూ ఇరుక్కున్నారు. పిడుగు లోపల ఉంది. టీచర్ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకున్నాడు. ధైర్యమంతా కూడగట్టుకున్నాడు.

"టీచర్‌గారూ, నాకూ మీరంటే ఇష్టమండీ."

"నాకూ అంటే? నేనెప్పుడు చెప్పాను?"

"మొదటి రోజే అన్నారుగా, నా చేతులు నచ్చాయని."

"అది పిడుగు అంది."

"నిన్న రాలేదేం అన్నారు..."

"అదీ పిడుగే."

"మరి నీలం చొక్కా?"

టీచర్ చూపు వానలోకి తప్పుకుంది. "అదీ పిడుగే," అంది, కాస్త తొందరగా. "చూడండీ, నాలుగేళ్ళుగా రోజంతా నా నోట్లో ఉండేవి తన మాటలే. నా మాట అంటూ నేను మీతో ఒక్కటీ అనలేదు. అయినా మీరిద్దరూ నన్ను బయటికి పంపించి మరీ మాట్లాడుకుంటున్నారు. తనకి తెలిసి నాకు తెలియని మాట ఇన్నాళ్ళకి ఇదే మొదలు."

అది కోపమో, ఉడుకుమోత్తనమో, ఇంకేమైనానో తెలుసుకునేలోపే ఆమె తడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది. చెబుదామంటే షీల్డు రహస్యం పెదవి మీద అడ్డుపడింది. ఇంటికొచ్చి నీలం చొక్కా విప్పి అమ్మకిచ్చేశాడు. అమ్మ చొక్కా వైపూ, కొడుకు మొహం వైపూ చూసి, దాన్ని బకెట్లో నానబెట్టింది. సన్మానం అయిపోతే ఆ బడికి వెళ్ళడానికి తన దగ్గర ఏ వంకా మిగలదు. ఆ బెంగే అతన్ని రెండు రోజులూ తినేసింది.

సన్మానం రోజు బడి హాలు కిటకిటలాడింది. అబ్బాయి వేదిక పక్కన బల్ల దగ్గర షీల్డులతో నిలబడ్డాడు. రెండో వరసలో అమ్మ.

డ్రైవర్ షీల్డుకి బస్సు కమ్మీ ముక్క బిగించాడు. టైలరమ్మ షీల్డుకి ఉబ్బెత్తు కుట్లు. తాతగారికి ఇత్తడి రేకు మీద బ్రెయిలీ చుక్కలు. పిల్లలు ఒక్కొక్కటీ వేళ్ళతో చదివి, సరైందేనని చూసుకుని, తామే ఇచ్చారు. అమ్మమ్మ తన షీల్డు తడుముకుంటూ అందరి ముందూ ఏడ్చేసింది.

ఆఖర్న పిడుగు లేచింది. టీచర్ పక్కన నిలబడి మైకు ముందు గొంతిచ్చింది.

"ఇంకో షీల్డుంది. అది నా టీచర్‌కి."

అన్నాక టీచర్ ఆగిపోయింది. పిడుగు మోచేత్తో పొడిచింది.

"ఇది... ఇది చేయించడానికే ఆకురాయికి నేను అక్షరాలు నేర్పాను. టీచర్ ఉడుక్కుంది. నాకు తెలుసు."

అబ్బాయి షీల్డు అందించాడు. చెక్క మీద ఇత్తడి చెయ్యి. పిడుగు చేతికి ప్లాస్టర్‌లో అచ్చు తీసి పోత పోయించాడు. వినేటప్పుడు ఆ చెయ్యి ఎలా విచ్చుకుని ఉంటుందో అలాగే ఉంది. టీచర్ తన వేళ్ళు దాని మీద ఉంచింది. సరిగ్గా ఇమిడాయి. ఆమె కళ్ళు నిండిపోయాయి. పిడుగు వేళ్ళు మాత్రం ఆగలేదు, కాబట్టి ఆమె గొంతూ ఆగడానికి వీల్లేదు.

"నా టీచర్ నాకు లోకమంతా చెబుతుంది. బస్సు గురించి రెండు ముక్కలు. వాన గురించి మూడు. షీల్డుల అబ్బాయి గురించి మాత్రం..." టీచర్ గుటక వేసింది. మింగేయడం ఆమె ఉద్యోగంలో లేదు. "...నా చెయ్యి నొప్పెట్టేదాకా."

హాలు గొల్లుమంది. అమ్మ అందరికన్నా గట్టిగా.

"నాలుగేళ్ళు తన గొంతు నాకిచ్చింది. నేను లెక్కలు నేర్చుకున్నా, పేచీలు పెట్టినా, ఇవాళ ఇక్కడ మాట్లాడుతున్నా ఆ గొంతుతోనే. ఇప్పుడు తిరిగిచ్చేస్తున్నాను. ఐదే ఐదు నిమిషాలు. నీ మాట నువ్వు మాట్లాడు టీచర్."

పిడుగు కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

టీచర్ అలవాటుగా ఆ చేతుల వైపు చూసింది. అక్కడినుంచి ఏ మాటా రాలేదు. మైకులో ఆమె ఊపిరి వినబడుతోంది.

"నేను..." అంది.

అబ్బాయి చటుక్కున పిడుగు చేతుల వైపు చూశాడు. ఒళ్ళోనే ఉన్నాయి. కదల్లేదు.

"నేను ఒక అబద్ధం చెప్పాను. చేతులు నచ్చాయన్నది పిడుగే. ఏమీ తోచలేదన్నదీ పిడుగే. నీలం చొక్కా మాత్రం నేనే అన్నాను. నా నోరు జారింది. పిడుగుకి రంగెలా తెలుస్తుంది? మీరది కూడా పట్టుకోలేకపోయారు, మీరేం మనిషండీ!" కళ్ళు తుడుచుకుంది. "మీరంటే నాకిష్టం. ఇది నా మాటే."

అబ్బాయి వేదిక ఎలా ఎక్కాడో అతనికే గుర్తులేదు. మెట్లున్నవైపు కాదని మాత్రం అందరూ చెబుతారు. ఆమె చేతులు రెండూ పట్టేసుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

పిడుగు ఆగింది. ఇంకాస్త ఆగింది. ఇక ఓపిక నశించి, టీచర్ భుజం మీద టపటపా కొట్టింది. ఏమైంది? ఏమందో చెప్పరేం? ఎవరూ చెప్పరేం? ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె చేతికి ఏ మాటా అందడం లేదు. అందించాల్సిన చేతులు ఇక్కడ ఖాళీ లేవు.

అబ్బాయి ఒక చెయ్యి మాత్రం వదిలాడు. పిడుగు మణికట్టు మీద రెండు తట్లు తట్టి, అరచేతిలో ఒక్కో అక్షరం రాశాడు: 'నేనంటే ఇష్టమంది. నాకూ.'

పిడుగు అతని చెయ్యి లాక్కుని గబగబా ఏదో రాసింది.

"ఏమందిరా?" రెండో వరసలోంచి అమ్మ కేకేసింది.

టీచర్ మైకు అతని వైపు జరిపింది. ఈసారి గొంతు అతనిది.

"నాకు ముందే తెలుసు," అన్నాడు.

"నాకూ తెలుసని చెప్పు! కోడలు పిల్లని తీసుకుని ఇంటికి రమ్మన్నానని కూడా చెప్పు!"

మింగేయడానికి వీల్లేదు కదా. ఆకురాయి మళ్ళీ రెండు తట్లు తట్టి, చెవుల దాకా ఎర్రబడుతూ, ఆ మాట కూడా మొత్తం రాశాడు.