'పొగగొట్టం'లో నాలుగో దెబ్బ

నవ్వింది సభ, తను కాదు. ఆ మాటకొస్తే నవ్వించాలని కూడా తను అనుకోలేదు. విన్నది విన్నట్టు చెప్పాడు, అంతే. లిఫ్టు పదకొండో అంతస్తు దాటుతుండగా కౌండిన్య ఈ సంజాయిషీని పొద్దుటి నుంచి నాలుగోసారి మొదలుపెట్టాడు. ప్రతిసారీ అది 'విన్నది విన్నట్టు' అనే చోటికి వచ్చి ఆగిపోతోంది. అక్కడేదో అబద్ధం ఉంది. దాన్ని ముట్టుకోవడం ఇష్టంలేక మళ్ళీ మొదటికి వెళ్తున్నాడు.

విజయవాడలోని పెద్ద భవనాల్లో లిఫ్టుల తనిఖీ అతని ఉద్యోగం. రోజంతా ఎక్కడం, దిగడం, తీగలు చేసే చప్పుడు వినడం. ఒంటరి మనిషికి సరిపోయే పని. పద్నాలుగో అంతస్తులో ఒక అమ్మాయి ఎక్కింది. చెవిలో పెట్టుకున్న చెవిపూస ఎర్రగా వెలుగుతోంది. అంటే హెవీ మెటల్ వింటోందన్నమాట. పాదం నేలమీద లయ వేస్తోంది. ఆ లయని కౌండిన్య వెంటనే గుర్తుపట్టాడు. 'పొగగొట్టం'. అదీ సానపట్టిన 'పొగగొట్టం'. నాలుగో దెబ్బ సరిగ్గా పడాల్సిన చోటే పడుతోంది.

అతను తన పాదాన్నే చూస్తుండటం గమనించి ఆ అమ్మాయి నవ్వింది. "బాగుంటుంది గదా అంకుల్ ఈ పాట. ఇదివరకు దాటేసేదాన్ని. ఇప్పుడు ఆల్బమ్ ఇక్కణ్ణుంచే మొదలెడుతున్నా."

"బాగుంటుంది" అన్నాడు కౌండిన్య, తలుపు వైపు తిరిగి.

పాటలు ఎవరి దగ్గరా విడివిడిగా ఉండని కాలమది. ఒక్కో పాటకి ప్రపంచం మొత్తానికీ ఒక్కటే ప్రతి, ఏకప్రతి. ఎవరు ఎక్కడ విన్నా చెవిపూస దాన్నే తెచ్చి వినిపిస్తుంది. ఆ ప్రతులని కనిపెట్టుకుని ఉండేది సానయంత్రం. ఏడాదికోసారి ఒక్కో సంగీత బృందం అభిమానులు కూడి, తమ బృందం పాటల్లో ఏది నీరసమైనదో వాదించుకుంటారు. యంత్రం ఓట్లు లెక్కపెట్టదు. మాట్లాడేవాడి మాటకి వినేవాళ్ళ మనసు ఎంత కదిలిందో చెవిపూసల ద్వారా కొలుస్తుంది. అందరికన్నా ఎక్కువ కదిలించిన వాదన ఏ పాటని ఎక్కడ తప్పుపట్టిందో, సరిగ్గా అక్కడ ఆ పాటని అరగదీసి నునుపు చేస్తుంది. పాతది ఉంచదు. బాగైనది చేతిలో ఉండగా బాగులేనిదాన్ని ఎవరడుగుతారని దాన్ని తయారుచేసినవాళ్ళు అనుకున్నారు. ఆ ఊహలో లోపం కౌండిన్యకి కూడా నిన్నటిదాకా కనబడలేదు. నిన్న సాయంత్రం ఒక కబురొచ్చింది. 'నేను డ్రమ్ముల ఖాదర్‌వలీ కూతుర్ని. రేపు మధ్యాహ్నం మీ దగ్గరికి వస్తున్నాను.'

ఖాదర్‌వలీ బృందం పేరు సున్నపుబట్టీ. పిడుగురాళ్ళలో బట్టీల పక్కన పెరిగిన నలుగురు ముప్పై ఏళ్ళ కిందట ఐదు ఆల్బమ్‌లు చేశారు. నలుగురిలో ఒక్కరూ ఇప్పుడు లేరు. అభిమానులు మాత్రం నలభై వేలమంది ఉన్నారు. ప్రతి ఏడూ గుంటూరులో సభ పెట్టుకుంటారు. కిందటి నెల జరిగిన సభ కౌండిన్యకి మాట మాటా గుర్తుంది.

మొదట లేచింది శామ్యూల్. మూడేళ్ళుగా అతని వాదనే నెగ్గుతోంది. పెద్దచెవి అనే బిరుదూ, దాని గుర్తుగా చేతికి కట్టే నల్లపట్టీ మూడేళ్ళుగా అతనివే.

"'కంకర' ఆల్బమ్‌లో ఉన్న 'లారీ' కన్నా నీరసమైన పాట ఉంటే నేను మీసం తీసేస్తా" అన్నాడు. "ఏడు నిమిషాల పాట. అందులో రెండు నిమిషాలు లారీ వెనక్కి వస్తుంది."

"నీ మీసం మాకెందుకు శామ్యూలూ" అంది ముందు వరసలో కూర్చున్న పద్మలత. "అందులో గిటారు సోలో విన్నావా?"

"విన్నానక్కా. లారీ పోయినాక వచ్చింది."

అందరూ నవ్వారు. ఆ నవ్వు కౌండిన్యకి గుచ్చుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆ సభకి వస్తున్నాడు. ఎప్పుడూ వెనక వరసే. తన కన్నా తక్కువ విన్నవాడు తన కన్నా ఎక్కువ నవ్విస్తున్నాడు. కౌండిన్య లేచాడు.

"నేను 'తెల్లదుమ్ము'లో మొదటి పాట అంటాను. 'పొగగొట్టం'."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆల్బమ్ మొదటి పాటల జోలికి వెళ్ళకపోవడం వాళ్ళలో ఎవరూ రాయని కట్టుబాటు. "ఇదేంది బాబాయ్, గడప మీదే కూర్చున్నావు" అన్నారెవరో.

"నలభై రెండో సెకను నుంచి వినండి" అన్నాడు కౌండిన్య. "మూడు దెబ్బలు సరిగ్గా పడతాయి. నాలుగోది ఆలస్యం. ఒకసారి కాదు, పాటంతా అంతే. డ్రమ్ములు వాయించే ఆయన అప్పుడే నిద్రలేచి, రెండో చెప్పు కోసం మంచం కింద వెతుక్కుంటున్నట్టు ఉంటుంది."

హాలు పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక పాట పెట్టి విన్నారు. నాలుగో దెబ్బ వచ్చినప్పుడల్లా మళ్ళీ నవ్వారు. శామ్యూల్ తనే దగ్గరికొచ్చి నల్లపట్టీ విప్పి అతని చేతికి కట్టాడు. "మంచం కింద చెప్పు. చంపేశావు కౌండిన్యా." మూడో రోజుకి ప్రపంచంలో ఎక్కడా ఆ ఆలస్యం లేదు.

ఇవాళ మధ్యాహ్నం కౌండిన్య భవనం కింది క్యాంటీన్‌లో కూర్చుని నల్లపట్టీ చొక్కా చెయ్యి కిందికి తోసుకున్నాడు. ఖాదర్‌వలీ కూతురు అరిస్తే చెప్పడానికి నాలుగు సమాధానాలు సిద్ధం చేసుకున్నాడు. ముప్పై ఆరేళ్ళ మనిషి వచ్చి ఎదురుగా నిలబడింది.

"మెహరున్‌నండీ. పిడుగురాళ్ళ నుంచి."

"కూర్చోమ్మా. టీ చెప్తాను."

"వద్దన్నా. బస్సు దిగంగానే తాగా." ఆమె కూర్చుంది. అరవలేదు. బల్ల మీదున్న నీళ్ళ గ్లాసుని కొంచెం పక్కకి జరిపింది.

"మా నాయనకి చెయ్యి అదిరేదన్నా. ఆ ఆల్బమ్ నాటికి బయట ఎవరికీ చెప్పలా, మా అమ్మకొక్కదానికే తెలుసు. కుడి చెయ్యి నాలుగో దెబ్బకి లేచేసరికి అదిరేదంట. అది ఆగిందాకా చూసి కొట్టేవాడు. ఆయన పోయినప్పుడు నాకారేళ్ళు. మొహం ఫొటోలో ఉంది. గొంతు లేదు, ఆయన పాడలా గదా. నాకున్నదల్లా ఆ ఆగటమే. నాకు అన్నం పెట్టేటప్పుడు కూడా ముద్ద అట్లాగే గాల్లో ఆగేది, తర్వాత నోట్లోకి వచ్చేది." ఆమె గ్లాసుని మళ్ళీ మొదటి చోటికి జరిపింది. "ఇప్పుడు పాట పెడితే ఎవరో కొడుతున్నారన్నా. బాగానే కొడుతున్నారు."

'నాకు తెలియదమ్మా' అన్న మాట కౌండిన్య గొంతుదాకా వచ్చింది. సిద్ధం చేసుకున్న నాలుగింటిలో మొదటిది అదే. కానీ తనకి తెలుసు. పొద్దుటి నుంచి తను ముట్టుకోనిది అదే. సభకోసం ఆ పాటని పట్టిపట్టి వింటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఖాళీ లిఫ్టులో, అది బద్ధకం కాదని హఠాత్తుగా అర్థమైంది. బాగులేని చెయ్యి ఒకటి బాగయ్యే క్షణం కోసం ఆగుతోంది. దానితో పాటు తన ఊపిరి కూడా ఆగింది. కళ్ళు తడిశాయి. ఆ తర్వాత రెండంతస్తులు దిగేలోపు ఆ మంచం కింద చెప్పు మాట తట్టింది. వదులుకోలేనంత బాగుంది ఆ మాట.

"తెలుసమ్మా" అన్నాడు.

"ఏంది తెలుసు?"

"అది నిద్రమత్తు కాదని. చెయ్యి బాగాలేదని. వినగా వినగా తెలిసింది. తెలిసే ఆ మాటన్నాను."

మెహరున్ అతని ముఖంలోకి చూసింది. కోపం కోసం వెతికాడు, కనబడలేదు. "నవ్వారంట గదా బాగా."

"నవ్వారు."

"నేనూ నవ్వాన్లే మొదట. మా నాయన నిజంగానే పొద్దున్నే చెప్పులు వెతుక్కునేవాడు."

ఆ మాట తిట్టుకన్నా బరువుగా తగిలింది. కౌండిన్య తల వంచుకున్నాడు. "నా వాదన వెనక్కి తీసుకుంటానమ్మా. పట్టీ ఇచ్చేస్తాను. సభలో నిలబడి చెప్తాను."

"చెప్తే పాతది వస్తదా?"

"రాదు."

"మరెవరికోసం?"

అది తనకోసమేనని ఆమె అడిగాక గానీ కౌండిన్యకి తెలియలేదు.

"నేను తిట్టటానికి రాలేదన్నా" అంది మెహరున్, కుర్చీ కొంచెం ముందుకి లాక్కుని. "మీ సభలో ఒక పద్ధతి ఉందంట గదా. నూరుసార్లు వినందే ఏ పాటనీ తప్పుపట్టగూడదని. మీరు విన్నారా, ఊరికే అన్నారా?"

"నూట పన్నెండు సార్లు."

"ఆ ఆగేదాన్ని పట్టుకునే విన్నారు గదా?"

"దాన్నే విన్నానమ్మా. మిగతా పాట వినలేదు."

"నేను అందర్నీ అడిగొచ్చా. శామ్యూల్ గారిని అడిగా, పద్మలతక్కని అడిగా. కొట్టి చూపించండి అంటే అందరూ సరిగ్గానే కొడుతున్నారు. పాటని ఇష్టపడి విన్నారు, తప్పు గుర్తుపెట్టుకోలా. కొత్తది వినివిని ఉన్న కాస్తా పోయింది వాళ్ళకి." ఆమె రెండు చేతులూ బల్లమీద పెట్టింది. "నాక్కూడా పోతోందన్నా. రోజూ పొద్దున్నే లెక్కపెట్టుకుంటున్నా. ఒకరోజు ఎక్కువ ఆగుతున్నా, ఒకరోజు తక్కువ. అది ఎంతసేపో నాకు చెప్పండి. ఇంకేం వద్దు."

నలభై వేలమందిలో ఖాదర్‌వలీ చెయ్యి మిగిలింది దాన్ని వెక్కిరించినవాడి దగ్గరే. అదైనా నిజంగా మిగిలిందో లేదో కౌండిన్యకి తెలియదు. పొద్దున లిఫ్టులో ఆ అమ్మాయి పాదం వెంట తన మనసు కూడా సరిగ్గానే పడింది. అతను చెవిపూస తీసి జేబులో వేసుకున్నాడు. క్యాంటీన్‌లో గిన్నెల చప్పుడు, మనుషుల మాటలు. కుడిచేతి చూపుడువేలు బల్లమీద ఆనించాడు.

ఒకటి. రెండు. మూడు.

వేలు లేచింది. సానపట్టిన లయ దాన్ని కిందికి లాగింది. కౌండిన్య దాన్ని గాల్లోనే నిలబెట్టాడు. మెహరున్ కళ్ళు మూసుకుంది. వేలు సన్నగా వణికింది. ఆ వణుకు తగ్గేదాకా ఆగాడు. ఇంకొంచెం ఆగాడు.

అప్పుడు కొట్టాడు.