అత్తగారి గదిలోని తెల్ల పెట్టె

ఆ ఉదయం పొయ్యి మీద పాలు పొంగకముందే ఇంటర్నెట్ పోయింది. ఒక ఆస్పత్రికి వచ్చే ఫోన్లను ఇంట్లోంచే అందుకునే ఉద్యోగం కోడలిది. నెట్ లేకపోతే ఆ పూట ఉద్యోగం లేనట్టే. భర్త అప్పటికే మందుల గోదాముకి వెళ్లిపోయాడు. ఇంట్లో తనూ, అత్తగారూ మిగిలారు.

రౌటర్ మీద ఎర్ర దీపం కొట్టుకుంటోంది. ఆపి మళ్లీ వేసింది, వైర్లు పీకి మళ్లీ పెట్టింది. ఉహూ. చివరికి నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"వెనక సన్న రంధ్రం ఉంటుంది మేడం. దీపాలన్నీ ఆరేదాకా పిన్నుతో నొక్కి పట్టుకోండి. తర్వాత పేరూ పాస్‌వర్డూ కొత్తగా పెట్టుకుని, ఇంట్లో ఉన్నవన్నీ మళ్లీ కలుపుకోవాలి."

"దీనికీ మొండితనం బాగానే అబ్బిందే," అంది అత్తగారు, జడపిన్ను అందిస్తూ.

"మీ అబ్బాయి పోలికే అత్తయ్యా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. కాసేపటికి ఆకుపచ్చ దీపం వెలిగింది. ఫోనూ, ల్యాప్‌టాపూ కలిశాయి. ఇక అత్తగారి గదిలో అలమర మీదున్న చిన్న తెల్ల పెట్టె ఒక్కటే మిగిలింది. మామగారు పోయిన కొత్తలో, మూల గదికి సిగ్నల్ అందడం లేదంటూ భర్త తెచ్చిపెట్టిన బూస్టర్ అది. కోడలు దానికీ పిన్నుతో అదే వైద్యం చేసి, అడుగునున్న కోడ్ స్కాన్ చేసింది. అడిగిన యాప్ దించుకుంది, కొత్త పాస్‌వర్డ్ కొట్టింది, పెట్టెను మళ్లీ అలమర మీద పెట్టింది.

ఫోన్ తెర మీద ఒక గది కనిపించింది. గదిలో మంచం. మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటున్న అత్తగారు.

కోడలి చూపు తెర మీంచి పెట్టె మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"ఏమైందే, అలా కొయ్యబారిపోయావు?"

దాచడానికి వ్యవధి లేకపోయింది. పెద్దావిడ లేచి వచ్చి తెరలోకి తొంగి చూసింది. చెయ్యి ఊపింది. తెరలోనూ ఆ చెయ్యి ఊగింది.

"ఇది... నన్ను చూస్తోందా? ఎప్పట్నుంచి?"

"నిజంగా నాకు తెలీదత్తయ్యా!"

అత్తగారు దుప్పటి లాగి భుజాల చుట్టూ కప్పుకుంది. కోడలు భర్తకి ఫోన్ చేసి, "ఉన్నపళంగా ఇంటికి రండి," అని మాత్రం అంది.

అతను వస్తూనే అలమర వైపు చూశాడు. అడగకముందే దొరికిపోయాడు.

"స్నానాలగదిలో పడి కూడా అమ్మ నాకు చెప్పలేదు. మోకాలు వాచాక తెలిసింది. మళ్లీ పడితే? నువ్వేమో చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని పక్కగదిలో ఉంటావు!"

"అందుకని అబద్ధం చెబుతారా? బూస్టరంటే నమ్మి రోజూ దుమ్ము తుడిచాను!" అంది కోడలు.

"బట్టలు మార్చుకునే మూల కనబడకుండానే పెట్టానమ్మా. మంచం ఒక్కటే కనిపిస్తుంది."

తల్లి తలెత్తింది. "రోజూ చూస్తావా?"

"వీలున్నప్పుడల్లా."

"అయితే మధ్యాహ్నాలు నేనేడవడం చూశావన్నమాట."

"చూశాను."

"చూసి?"

కోడలు నిర్ఘాంతపోయింది. గోడకి అవతలే ఉండి, తను ఒక్కనాడూ ఆ ఏడుపు వినలేదు.

"ఏం చెయ్యాలో తెలిసేది కాదమ్మా. ఫోన్ జేబులో పెట్టేసుకునేవాణ్ణి. నీ దగ్గర నాన్న మాట ఎత్తితే నేనూ ఏడ్చేస్తానని భయం."

"ఏడిస్తే ఏం పోయేదిరా? నేనొక్కదాన్నే ఏడవాల్సిన పని తప్పేది."

అతను నేల మీద కూలబడి తల్లి ఒళ్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఆవిడ చెయ్యి వెంటనే అతని తల మీదకి వెళ్లలేదు. చాలాసేపటికి వెళ్లింది.

"ముందు దాన్ని పీకెయ్. పడితే అరుస్తాను. వీధి వీధంతా వినేలా అరుస్తాను, సరేనా?"

అతను లేచి ప్లగ్ పీకేశాడు. కోడలి చేతిలో తెర నల్లబడింది. ఆమె ఫోన్ పక్కన పడేసి అత్తగారి ఎడమవైపు చేరింది.

"మీ నాన్న ఆఖరిరోజు నన్నేమడిగారో తెలుసా నీకు?" అంది తల్లి.

"తెలీదమ్మా."

"కూర్చో, చెబుతాను."

అతను కళ్లు తుడుచుకుని, ఆవిడకి కుడివైపు కూర్చున్నాడు.