లోటుమాపకం

2087 నాటికి విద్యాసహాయం కోసం దరఖాస్తు నింపేవాళ్లు ఎవరూ లేరు. ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు నకలు, గెజిటెడ్ సంతకం, అన్నీ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. రెండంతస్తుల మేడ ఉన్నవాళ్లు కూడా పేదలమని పత్రాలు తెచ్చుకున్న రోజులవి. వాటి సంగతి తలుచుకోకపోవడమే మంచిది.

ఇప్పుడు నుదుటికి ఒక పట్టీ కడతారు. దాని పేరు లోటుమాపకం. మనిషికి ఏదైనా కొరవడినప్పుడు మెదడులో కదిలే న్యూరాన్ సంకేతాలను పట్టుకుని, ఏం కొరవడిందో చెప్పి, సున్నా నుంచి వంద దాకా అంకె వేస్తుంది. మనసులో ఒకటి, నోట్లో ఒకటి పెట్టుకుంటే ఇట్టే కనిపెడుతుంది. అంకె అరవై దాటితే రాష్ట్ర సహాయం, కేంద్ర సహాయం రెండూ ఆ క్షణమే మంజూరవుతాయి. సిఫారసులు నడవవు. మనుషుల చెయ్యి పడితే పాడవుతుందని, తీర్పు దిద్దే వీలు లేకుండానే తయారుచేశాడు దాన్ని కనిపెట్టిన డాక్టర్ సర్వోత్తమరావు.

గడువు ఆఖరి రోజు ఆయన జిల్లా కేంద్రానికి తనిఖీకి వచ్చాడు. ఆ ఏటికి ఒకే ఒక్క సహాయం మిగిలి ఉంది. వరసలో కూడా ఇద్దరే మిగిలారు: రొయ్యల షెడ్డులో తలలు తీసే లూర్దమ్మ, ఆమె కూతురు షారోను. షారోనుకు సముద్ర ఇంజనీరింగులో సీటు వచ్చింది. ఈ సహాయం అందకపోతే సీటు పోతుంది, రేపటి నుంచి తనకూ షెడ్డే. పద్దెనిమిదేళ్లు నిండలేదు కనుక పట్టీ తల్లి కట్టుకోవాలి.

"మీ ఇంట్లో ఉన్న లోటు చెప్పండి," అంది యంత్రం.

లూర్దమ్మ కొంగు సర్దుకుంది. నలుగురిలో ఎవరు అడిగినా ఆమె చెప్పే జవాబు ఒకటే. "మాకేం లోటండీ. ప్రభువు దయ వల్ల బానే గడిచిపోతంది."

"నిజం. నాలుగు. ఆ నాలుగూ కూతురి చదువు గురించి."

షారోను ముఖం పాలిపోయింది. "అదేంటే అమ్మా. రాత్రుళ్లు నువ్వు తినవు కదా, అది చెప్పు."

"నాకు రాత్రి ఆకలెయ్యదే. అలవాటైపోయింది."

"నిజం," అంది యంత్రం.

షారోను డాక్టరు వైపు తిరిగింది. "మా అమ్మ అబద్ధం చెప్పట్లేదు సార్. కానీ మాకు నిజంగానే లేదు. ఈ రెండూ మీ మెషినుకి ఎట్టా చెప్పాలో నాకు తెలీట్లేదు."

సర్వోత్తమరావుకు జాలి కలిగింది. దానికంటే ముందు అనుమానం కలిగింది. పట్టీ చెడిపోయి ఉంటుందనుకుని, విప్పి తన నుదుటికి కట్టుకున్నాడు. "నాకు ఏ లోటూ లేదు," అన్నాడు. సున్నా రావాలి.

"అబద్ధం. తొంభై రెండు," అంది యంత్రం. "శిష్యుడికి వచ్చి మీకు రాని అవార్డు. సముద్రం కనపడని మూడో ఇల్లు. ఈ ఉదయం మిమ్మల్ని చూసి లేచి నిలబడని గుమాస్తా. మీకు సహాయం మంజూరైంది. ఏ కాలేజీలో చేరతారు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నాకొద్దు. ఈ అమ్మాయికి ఇచ్చెయ్."

"అబద్ధం," అంది యంత్రం. "గడువు ముగిసింది."

షారోను వెక్కి వెక్కి ఏడ్చింది. లూర్దమ్మ కూతురి కళ్లు కొంగుతో తుడిచి, పట్టీ ముడి విప్పుకోలేక తంటాలు పడుతున్న పెద్దమనిషిని చూసింది.

"ఊరుకోవే," అంది మెల్లగా. "తొంభై రెండంట. పాపం, ఎట్టా బతుకుతున్నాడో ఏమో."