నెత్తురు ఆగిన తరువాత

"మనిషి ఇంకా బతికే ఉన్నాడు. అదే మన అదృష్టం, అదే మన తలనొప్పి," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

ఏజెంట్ యుగంధర్ ఆవలింత ఆపుకున్నాడు. రాయ్‌పూర్ నుంచి భిలాయ్ వెళ్ళే టాక్సీలో ఏసీ పనిచేయడం లేదు. అతని నడుమూ అంతే.

"పేరు గణపతిరావు. స్టీల్ ప్లాంట్‌లో, ఉక్కు కరిగించే షాపులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. యుద్ధనౌకల ఉక్కు రహస్యం కావాలంటూ విదేశీ ముఠా తరఫున ఒకరు భిలాయ్‌లోనే సుపేలా పేటలో అతన్ని కలిశారు. అతను మనకు ఫోన్ చేసి, ఆ మనిషిని చూస్తే గుర్తుపడతానన్నాడు. మనవాళ్ళు వెళ్ళేలోపే మెదడులో నరం చిట్లింది."

"ముఠా పనా?"

"కాదు, బీపీ. కానీ అతను కోలుకోకపోతే లాభం వాళ్ళకే. మన ఏజెంట్ ఇంద్రాణి అక్కడే ఉంది. ప్రమాదమైతే కోడ్‌వర్డ్ 'కొలిమి'."

యుగంధర్ రోగి మేనల్లుడి వేషంలో, చేత్తో కేరేజీ పట్టుకుని ఆస్పత్రిలో అడుగుపెట్టాడు. కేరేజీ అడుగు గిన్నెలో కెమెరా, ట్రాన్స్‌మిటర్ ఉన్నాయి. ఐసీయూ ముందు గార్డులు కిక్కిరిసి ఉన్నారు. నర్సు వేషంలో ఉన్న ఇంద్రాణి కాటుక మాత్రం తగ్గించుకోలేదు.

"ఇంకో పదిమందిని పిలిపించు యుగంధర్. ఈ కాపలా చాలదు," అంది.

లోపల డాక్టర్ రజని స్కాన్ చూపించింది. భిలాయ్ ప్లాంట్ కాలనీ సెక్టర్ 4లో పుట్టి పెరిగిన పిల్ల, మాట సగం హిందీ.

"నెత్తురు కారడం ఆగింది భయ్యా. అబ్ భయమంతా వాపు గురించే. గడ్డకట్టిన నెత్తురు విరిగితే దాంట్లోంచి ఇనుము బయటికొస్తుంది. మెదడుకి అది విషం. దాన్ని ఊడ్చడానికి మెదడులో కాపలా కణాలు లేస్తాయి, రక్తంలోంచి ఇంకొన్ని పరిగెత్తుకొస్తాయి. ఆ గాభరాలో అవి వదిలే రసాయనాలకి పక్కనున్న మంచి కణాలూ చచ్చిపోతాయి. ఇన్‌ఫ్లమేషన్ అంటే అదే. మొదటి దెబ్బ నెత్తురుది, రెండోది మనవాళ్ళది."

"ఆ కాపలాని ఆపేయొచ్చుగా?"

"ఊడ్చేదీ అవే కదా. పూరా ఆపేస్తే చెత్త అలాగే ఉండిపోతుంది. దీనికి పక్కా మందు ఇంకా లేదు. బీపీ, జ్వరం పెరక్కుండా చూసుకోవడమే. మీ గార్డుల గోల తగ్గించండి, ప్లీజ్."

మంచం పక్కన కూర్చున్న గణపతిరావు భార్య నూకాలమ్మ కళ్ళు తుడుచుకుంది. "జన్మంతా ఇనుముతోనే గడిపినారు. తలకాయలో కూడా అదేనేటి?"

కాసేపటికి ఆమే మళ్ళీ అంది. "ఓపాలి షాపులో కరిగిన ఇనుము కిందకి కారిపోనాది బాబూ. కొత్త కుర్రోడొకడు ఆర్పీడానికి నీళ్ళ గొట్టం పట్టుకుని పరిగెత్తినాడు. కాలే ఇనుము కింద నీళ్ళు చేరితే పేలిపోదేటి? ఈయన వాడి చెంప పగలగొట్టీసినారు. కారిన ఇనుము కాదర్రా, పరిగెత్తినోడే అందరినీ చంపుతాడు అని కేకలేసినారు."

"కేరేజీ ఇలా ఇవ్వండి అత్తా," అన్నాడు యుగంధర్, తను మంచం పక్కన పెట్టింది ఆమె ఒళ్ళో ఉండటం చూసి.

"ఖాళీది ఆస్పత్రికి తెస్తారేటి? మంచిది కాదు. చారు పోసీసినాను."

లక్షల రూపాయల ట్రాన్స్‌మిటర్ చారులో మునిగి ఉంది. కోప్పడే ఓపిక కూడా లేక యుగంధర్ కుర్చీలో కూలబడ్డాడు.

అప్పుడే చెవిలో దాచిన ఇయర్‌ఫోన్‌లో ఇంద్రాణి గొంతు మోగింది. "కొలిమి! కొలిమి! హంతకుడు మెట్ల మీదున్నాడు! అందరూ లోపలికి!"

గార్డులు తలుపు తోసుకుని ఐసీయూలోకి ఉరికారు. ట్రాలీ పడింది, మానిటర్లు కూశాయి, రజని అరిచింది. యుగంధర్ కూడా లేవబోయాడు, అంతలో గణపతిరావు కేక గుర్తొచ్చింది. పరిగెత్తినోడే అందరినీ చంపుతాడు.

"ఎవరూ కదలొద్దు!" అని అరిచాడు. "జో జహా హై, వహీ రుకో!"

అందరూ కొయ్యబారి తలుపు వైపు చూశారు. యుగంధర్ ఒక్కడే మంచం వైపు చూశాడు. గార్డులతో కలిసి లోపలికొచ్చిన ఇంద్రాణి, జడపిన్నులోంచి తీసిన సన్నని సిరంజీని సెలైన్ గొట్టానికి గుచ్చి, బొటనవేలితో నొక్కుతోంది.

ఒక్క అంగలో చేరుకుని అతను గొట్టాన్ని పిడికిట్లో మడిచి పట్టాడు. మందు సూది దాకా రాకుండానే ఆగిపోయింది. రజని వెంటనే గొట్టం ఊడదీసింది. పరీక్షిస్తే సిరంజీలోది నెత్తుటిని పలచన చేసే మందని తేలింది. లోపలికి పోయి ఉంటే మెదడులో మళ్ళీ నెత్తురు కారేది, అందరూ రోగం ముదిరిందనే అనుకునేవారు. మెట్ల మీద ఎవరూ లేరు.

"సుపేలాలో ఆయన్ని కలిసింది నువ్వేనన్నమాట," అన్నాడు యుగంధర్.

ఇంద్రాణి నవ్వింది. "అలసిపోయాను యుగంధర్. ఎవరు ఎక్కువిస్తే వాళ్ళ పని. నువ్వు అలసిపోలేదూ?"

"అలసిపోయాను. అందుకే పరిగెత్తలేదు."

ఆమెకు బేడీలు పడ్డాయి. తలుపు దగ్గర ఒక్క గార్డే మిగిలాడు. రోజులు గడిచాయి, వాపు నెమ్మదిగా తీసింది. ఒక మధ్యాహ్నం గణపతిరావు కళ్ళు తెరిచాడు. మాట ముద్దగా వచ్చింది.

"నీళ్ళ గొట్టం... ఎవుడు పట్టుకున్నాడు?"

నూకాలమ్మ భోరుమంది. "పట్టుకున్నదాన్ని పట్టీసినారు. మీరు పడుకోండి."

యుగంధర్ ఇంద్రాణి ఫోటో చూపించాడు. ముసలాయన తల ఊపాడు. అంతలో చీఫ్ ఫోన్. "విశాఖలో అలారం! వెంటనే పరిగెత్తు!"

దేశభద్రత దృష్ట్యా యుగంధర్ ఫోన్ ఆఫ్ చేసి, చారన్నం ముందేసుకు కూర్చున్నాడు.