ఏలీయా కొలతలు తప్పిన నాలుగు నెలలు

"ఏందప్పా ఇది? చెయ్యే దూరడం లేదు," అంటూ ప్రవళిక కొత్త డ్రస్సు తెచ్చి ఏలీయా మిషను మీద పడేసింది.

ఆళ్లగడ్డ బస్టాండు వెనక సందులో ఏలీయాది చిన్న టైలరు షాపు. ఆమె కొలతకిచ్చిన ఆది డ్రస్సు పక్కనే ఉంది. రెండింటికీ టేపు పెట్టి చూశాడు. నూలుపోగు తేడా లేదు. తలెత్తి ఆమెను చూశాడు. సంగతి అర్థమైంది. ఆది డ్రస్సు పోయినేడాదిది, ఎదురుగా నిలబడింది ఈ ఏటి మనిషి.

నిజం నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల గుమ్మంలోకొస్తే చాలు, అతని కాలు పెడలు తొక్కడం మర్చిపోయే రోజులవి.

"నాదే తప్పు. రేపు రా, సరిచేసి పెడ్తా," అన్నాడు. కుట్టు లోపల మడిచిన గుడ్డ విప్పి అరంగుళం వదులు చేశాడు.

నెలకొకటిగా, అదే పాత ఆదితో, నాలుగు డ్రస్సులొచ్చాయి. నాలుగూ బిగుతే. నాలుగుసార్లూ తప్పు తన మీదే వేసుకున్నాడు. ఒక్కో డ్రస్సుకు ఆమె రెండేసిసార్లు షాపుకొస్తోందని లోపల సంతోషం కూడా.

ప్రవళికకు తన మీద అనుమానమే రాలేదు. నంద్యాలలో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు ఉద్యోగం. పొద్దున టిఫినే తినను, నేనెట్లా లావవుతా అని ఆమె ధీమా.

ఇంతలో వాళ్లమ్మ ప్రేమకుమారి చర్చిలో స్త్రీల కూటంలో నోరు జారింది. ఆ టైలరు పిల్లోనికి చూపు మందగించిందని చెప్పింది. క్రిస్మస్ ముందర సంఘమంతా బట్టలు కుట్టించుకునే కాలం. ఒక్కొక్కరే గుడ్డలు వాపసు తీసుకుపోయారు. పాస్టరమ్మ మాత్రం జాలిపడి నంద్యాల కంటి డాక్టరు నంబరు ఇచ్చి వెళ్లింది.

ప్రవళిక పండగ డ్రస్సు కూడా బిగుతయింది. అదేమో పట్టుది, లోపల విప్పడానికి మడత లేదు.

"గుడ్డ తప్పు కాదు, నా తప్పూ కాదు," అన్నాడు ఏలీయా, టేపు చేతికి చుట్టుకుంటూ. "నీ కొలత పెరిగింది. నాలుగు నెల్ల నుంచి నేనే దాచిపెడ్తాండా."

ఆమె మొహం కందిపోయింది. "దాచేదెందుకు? గిరాకీ పోతాదనా?"

"గిరాకీ ఎప్పుడో పోయింది. చెప్తే నువ్వు రావని."

ప్రవళిక డ్రస్సు లాక్కొని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

పది రోజులు ఆమె జాడ లేదు. మిషను దుమ్ము తుడవడం తప్ప ఏలీయాకు పని లేదు. పదకొండో రోజు ఆమె వచ్చింది, వెంట తల్లి. ఏలీయా లేచి నిలబడ్డాడు, తిట్లకు సిద్ధమై.

తిట్లు రాలేదు. ప్రవళికే చెప్పుకొచ్చింది. ఆ రోజు కోపంతో, వారం పాటు తిన్నదీ తాగిందీ ఫోన్లో రాసుకుందట. టిఫిను మానిన కడుపుకు ఆఫీసులో బిస్కెట్లు, రోజుకు ఆరు చక్కెర టీలు, తిరుగు బస్సులో మిక్చరు పొట్లం. రాత్రి ఫోను చూస్తూ అన్నం, ఎంత తిన్నదో లెక్కే ఉండదు. స్కూటీ కొన్నాక బస్టాండుకు నడక కూడా పోయింది.

"ఇప్పుడు నడిచే పోతాండా. ఇంకా అంగుళం కూడా తగ్గలే," అంది, కళ్లెత్తకుండా.

ప్రేమకుమారి గొంతు సవరించుకుంది. కూతురు అంతా చెప్పాక గురువారం కూటంలో లేచి, ఆ పిల్లోని మీద అబద్ధ సాక్ష్యం చెప్పినానని అందరి ముందర ఒప్పుకుందట. కూటమంతా ఆమెన్ అన్నారట.

"మా పిల్ల లావును నీ నెత్తిన మోసినావు," అంది. "ఊరికే ఎవురూ మొయ్యరు గదా. ఆదివారం మీ అమ్మను మా ఇంటికి పంపు నాయనా. మాట్లాడుకుంటాం."

ప్రేమకుమారి కూతురి వైపు తిరిగి, నీకేమన్నా చెప్పేదుందా అనడిగింది.

ప్రవళిక వీధిలోకి చూస్తూ, "మీ ఇంటి నుంచి బస్టాండు ఎంత దూరం?" అనడిగింది.

"అరగంట నడక," అన్నాడు ఏలీయా, భయం భయంగా.

"సరిపోతాది నాకు," అంది ప్రవళిక.