బండ మీది రాజు వాంగ్మూలం

తాడిపత్రి బయట మూతబడిన బండల పాలిష్ షెడ్డు ఒకటుండాది. పొద్దు మునిగినాక ఆ దిక్కు ఎవరూ పోరు. అది నడిచే కాలంలో ఆడ పనిచేసే చౌడప్ప ఒకనాడు తల పగిలి చచ్చి పడి ఉన్నాడు. తమ్ముడు తిప్పయ్యే కొట్టి సంపినాడని ఊరంతా అనుకున్నారు. రుజువు లేదు. అయినా తిప్పయ్య హోటల్లో టీ తాగేవాళ్లు కరువైనారు.

రెండువేల ఐదులో సోషల్ సారు ఎర్రిస్వామి ఒక నాటకం రాసినాడు. వేల ఏండ్ల కిందటి ఈజిప్టు కుర్రరాజును ఎవరు సంపినారు — అదీ కథ. రాజు శవానికి స్కానింగ్ తీసినారని, తలకు తగిలిన దెబ్బ కాదు, కాలు విరిగి చచ్చిపోయినాడేమోనని టీవీలో చూసినప్పటి నుంచి సారుకు అదే ధ్యాస. రాజు వేషం లారీ డ్రైవర్ కుళ్లాయప్పది. కదలకుండా పండుకోవడంలో ఆయన్ను మించినోడు లేడు. రిహార్సల్‌కు ఎవరూ చోటియ్యక ఆ షెడ్డే గతి అయింది.

ఆ సాయంత్రం ఎర్రిస్వామి పోయేసరికి చీకటి పడింది. కరెంటు లేదు. లోపల బండ మీద… తెల్లగా ఒక ఆకారం.

కుళ్లాయప్ప అప్పుడే శవం గుడ్డలు చుట్టుకుని వేషం కట్టేసినాడే అని సారు మురిసిపోయి, నాటకంలో తన వంతైన, శవాన్ని పరీక్షించే వైద్యుడి మాటలు అందుకున్నాడు.

"చెప్పు రాజా… నిన్ను సంపింది ఎవరు?"

నాటకంలో రాజు మాట్లాడడు. ఆ ఆకారం మాట్లాడింది — గుసగుసగా.

"ఎవరూ సంపలేదప్పా… తడి బండ మీద కాలు జారింది. నా తమ్మునికేం తెలీదు."

ఈజిప్టు రాజుకు తమ్ముడు యాడ నుంచి వచ్చినాడు? లేని మాటలు చేర్చినాడని సారు కసురుకోబోతాండగా — వెనక చెప్పుల చప్పుడు.

"ఆలస్యమయింది సార్… చుట్టుకునే గుడ్డలు దొరకలేదు," అన్నాడు కుళ్లాయప్ప, వాకిట్లో నిలబడి.

ఎర్రిస్వామి మెల్లగా మళ్లీ బండ దిక్కు తిరిగినాడు. బండ ఖాళీ. చెయ్యి పెడితే… తడి.

ఇద్దరిలో ముందు రోడ్డెక్కింది ఎవరో ఇప్పటికీ తేలలేదు.

తెల్లారి సారు అందరూ చూస్తాండగా తిప్పయ్య హోటలుకు పోయి, బెంచీ మీద కూర్చుని టీ అడిగినాడు. జరిగిందంతా గట్టిగానే చెప్పినాడు. వినడానికి జనం మూగినారు. వచ్చినోళ్లంతా టీ అడిగితే, చాన్నాళ్లకు ఆ హోటల్లో పాలు అయిపోయినాయి.

తిప్పయ్య గ్లాసు కడుగుతా నవ్వినాడు.

"అన్న నాకూ అదే చెప్పినాడు సారూ. నేను చెప్తే ఎవరు నమ్ముతారు?… రోజూ ఈ పొద్దుకే వస్తాడు. కొంచెం అట్ల జరగండి — మీరు కూర్చున్నది ఆయప్ప చోటు."