గోడ మీద మిగిలిన తల

"మా నాన్న దొంగ కాదండీ!"

డిటెక్టివ్ ఆఫీసులోకి వస్తూనే అరిచిన ఆ అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. భూకంపానికి దెబ్బతిన్న రాతికోటకి ఆమె తండ్రి ముప్పై ఏళ్లుగా కాపలాదారు. కోట ద్వారం పక్కనున్న రాతి సిపాయి తల మాయమైంది. భూకంపం వచ్చిన రోజే అతను కొట్టేశాడని కోట అధికారి ఫిర్యాదు. రెండు రోజుల తర్వాత వచ్చిన ఇంజినీరు, వందల ఫొటోలు కలిపి కంప్యూటర్లో కోటకి త్రీడీ నమూనా తయారుచేశాడు. అందులో సిపాయికి తల లేదు. అంతే, అదే సాక్ష్యం!

"మధ్యాహ్నం అరెస్టు చేస్తారట. చనిపోయిన మా అమ్మ ఫొటో కూడా పోలీసులు గోడ మీంచి పీకి వెతికారండీ!"

ఊరంతా 'భూతద్దం' అని పిలిచే డిటెక్టివ్ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. సహాయకురాలైన మేనకోడలు నోటుపుస్తకం అందుకుంది. మామయ్య దగ్గినా రాసుకునే రకం ఆమె.

కోట గేటు దగ్గర కొత్త కాపలావాడు అమ్మాయి సంచి అడుగుదాకా కెలికాడు. లోపల ఇంజినీరు తాపీగా పరికరాలు సర్దుకుంటున్నాడు.

"గోడల నిండా ఈ నంబరు కాగితాలేంటి బాబూ?" అడిగాడు డిటెక్టివ్.

"ఫొటోలు సరిగ్గా కలవడానికి గుర్తులండీ. వచ్చిన రోజు నేనే అంటించాను."

"అప్పటికే తల లేదా?"

"లేదన్నాను కదా! ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఎండలోనే తీశారా ఫొటోలు?"

"మబ్బుగా ఉన్నప్పుడు తీయాలి. లేకపోతే నీడలు కూడా నమూనాకి అంటుకుపోతాయి. ఏం చేస్తాం, అధికారిగారు తొందరపెట్టారు."

డిటెక్టివ్ తెర మీద నమూనాని అటూ ఇటూ తిప్పి, సిపాయి వెనక గోడ దగ్గర ఆపాడు. అక్కడ పదిహేడో నంబరు కాగితం సగం తెల్లగా, సగం నల్లగా ఉంది. ఆయన ముఖం జేవురించింది.

"అందర్నీ పిలువమ్మా" అన్నాడు మేనకోడలితో.

అధికారి, ఇన్‌స్పెక్టరు, తండ్రీకూతుళ్లు తెర ముందు చేరారు.

"ఈ గోడ మీద సిపాయి నీడ చూడండి. భుజాల పైన గుండ్రంగా తల కూడా ఉంది. తల లేని బొమ్మకి తల నీడ ఎక్కడిదయ్యా?"

"భూకంపానికి ముందు తీసిన ఫొటోలేవైనా కలిశాయేమో" అని నసిగాడు ఇంజినీరు.

"సిగ్గులేదా? ఆ తల నీడ పడింది నువ్వు అంటించిన కాగితం మీద! నువ్వు వచ్చేటప్పటికి తల ఉంది. ముందు అన్ని ఫొటోలూ తీశావు. తర్వాత బీటలువారిన తలని ఊడబీకి, మొండేన్ని మళ్లీ తీసి నమూనాలో కలిపావు. గోడని మళ్లీ తీయడానికి మాత్రం బద్ధకించావు. ఇన్‌స్పెక్టరుగారూ, ఆ కెమెరా పెట్టె తెరిపించండి."

పెట్టెలో స్పాంజి మధ్య రాతి తల భద్రంగా ఉంది. అమ్మాయి ఇంజినీరు మీదికి దూకబోతే మేనకోడలు పట్టుకుని ఆపింది. ఆమెకీ వదిలేయాలనే ఉంది.

అధికారి తెచ్చిపెట్టుకున్న నవ్వు నవ్వాడు. "పొరపాటైపోయింది పెద్దాయనా. మనసులో పెట్టుకోకు. రేపట్నుంచి డ్యూటీకి వచ్చెయ్."

"ముప్పై ఏళ్లు రోజూ గేటు దగ్గర నా సంచి విప్పి చూపించానండీ" అన్నాడు ముసలి కాపలాదారు. "ఆ ఇంజినీరుగారి పెట్టె ఒక్క రోజైనా తెరిపించారా? వస్తాను. కానీ ఇకనుంచి ముందు మీ సంచి విప్పాలి, ఆ తర్వాతే నాది."

అంటూనే చెయ్యి చాపాడు. అధికారి ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు సంచి వైపు కళ్లతో చూపించాడు. అధికారి భుజం మీది సంచి దించి, జిప్పు లాగాడు.